పెట్ట చీర కట్టిన పుంజు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో కుక్కర్ కూత వెయ్యలేదు.

దాని విజిల్ తీసి ఉప్పు డబ్బా వెనక దాచాను. అన్నం గిన్నెలో వండేదాన్ని. ఉడుకు పట్టినప్పుడు మూత గలగలమనకుండా దాని చుట్టూ తడిగుడ్డ పెట్టేదాన్ని. మెట్ల కిందున్న కుళాయి మూతికి పాత లంగా పీలిక కట్టాను, నీళ్ళు బకెట్లోకి చప్పుడు లేకుండా జారడానికి. తలుపు గడియకి నూనె రాశాను. చెప్పులు కింద మెట్టు దగ్గరే వదిలి, నా ఇంట్లో నేనే దొంగలా పిల్లి అడుగులతో తిరిగేదాన్ని.

మా ఆయన పాల ట్యాంకర్ డ్రైవర్. దీపాలు పెట్టే వేళకి వెళ్ళి, తెల్లారి ఎండ మా మెట్ల మీదికి ఎక్కే వేళకి వచ్చేవాడు. పగలే ఆయనకి రాత్రి. మాకున్నది మేడ మీద ఒక్క రేకుల గది, దానికి ఆనుకుని వంట చేసుకునే చాటు, బయట కాస్త డాబా. గదిలో ఆయన మంచం, డాబా మీద మా బతుకు.

వానలు ఇంకా మొదలవక ముందు ఒకరోజు ఆయన బాగా పొద్దెక్కాక వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

"ఏమైందండీ?"

"ఏం లేదు. కునుకు పట్టింది. ముందు చక్రం కాలవలోకి దిగింది."

కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పి, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. కాలవ కాబట్టి సరిపోయింది. అక్కడ చెట్టుంటే? ఎదురుగా ఇంకో బండి వస్తుంటే? ఒక్క రెప్పపాటు. ఆ రెప్ప పడకుండా చూడాలంటే నేను చేయగలిగింది ఒక్కటే కనిపించింది. పగలు ఆయన కడుపునిండా నిద్రపోవాలి. ఆ నిద్రకి నేనే కాపలా.

మా పాపకి అప్పుడు నాలుగో ఏడు. దానికి గుసగుసగా మాట్లాడటం నేర్పాను. ఎంత బాగా నేర్చుకుందంటే, వీధిలోకి వెళ్ళినా గుసగుసే, కొట్లో బిస్కెట్ అడిగినా గుసగుసే. "పాపకి గొంతు బాగోలేదా అమ్మా?" అని కొట్టాయన ఒకరోజు జాలిపడ్డాడు. "అవునండీ, కాస్త జలుబు," అన్నాను.

అలాంటి ఇంటికి మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకి అక్క. ఆవిడ మెట్లెక్కుతుంటే ఆవిడకన్నా ముందు ఆవిడ గొంతు వస్తుంది.

"ఏమే మరదలా, ఇంట్లో మనుషులున్నారా, వానకి కొట్టుకుపోయారా?"

నోటి మీద వేలు పెట్టుకుని ఎదురు పరిగెత్తాను. "మెల్లగా వదినా! పడుకున్నారు."

"పడుకుంటే పడుకోనీ. వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేనేనే. పక్కన రోట్లో కారం దంచుతున్నా కదిలేవాడు కాదు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారే, మా తమ్ముడు ఆ రెండూ కాదు. బండరాయి."

"అది అప్పుడు వదినా. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా..."

"చీమలకి కూడా నేర్పావా ఏంటి గుసగుసలు?" అని, చంకలో ఉన్న బుట్ట కింద పెట్టి మూత తీసింది.

మూడు కోడిపిల్లలు. నూగు రాలిపోయి ఈకలు వస్తున్న వయసు. బంగారు రంగు ఈక, ఒక్కో ఈకకీ నల్ల దారంతో అంచు కుట్టినట్టు గీత. నా పిడికిలికన్నా కొంచెం పెద్దవి.

"పొట్టి జాతి. ముసలివైనా నీ దోసిట్లో కూచుంటాయి. పిల్లకి ఆడుకోడానికి ఏమీ లేదంటివిగా."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "పుంజులా, పెట్టలా?"

"నాకేం తెలుసు? కూస్తే పుంజు, పెడితే పెట్ట."

కూసేదాకా ఆగితే ఇంకేముంది! బుట్ట మూసి తిరిగి ఆవిడ చేతికి ఇచ్చేసేదాన్నే. ఈలోగా పాప ఒక పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. అది దాని లంగా మడతలోకి దూరి కితకితలు పెట్టినట్టుంది, పాప పకపకా నవ్వింది. నిజం నవ్వు, గొంతుతో. మరుక్షణం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గది తలుపు వైపు చూసింది.

ఆ చూపు చూశాక బుట్ట ఇచ్చెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

*

పాప మూడింటికీ పేర్లు పెట్టింది. చీపురునైనా పొడిచేసేది మిరపకాయ. గుండ్రంగా కదలకుండా కూచునేది గుండీ. ఆకు రాలినా ఉలిక్కిపడి గంప వెనక దాక్కునేదాని పేరు అమ్మకోడి.

"అదేం పేరే?"

"అది నీలాగే భయపడుతుంది," అంది, గుసగుసగా.

మా వీధి చివర గుడ్లవ్వ ఉండేది. గుడ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే ముసలమ్మ. ముందుపళ్ళు లేవు గానీ నవ్వు ఆగదు. మూడింటినీ గంపతో కిందికి తీసుకెళ్ళి ఆవిడకి చూపించాను.

"ఏది పుంజో చెప్పవ్వా. కూయకముందే తెలియాలి నాకు."

"ఇంతోటి వాటికి అంత భయమేంటే?"

"ఇంతేగా ఉన్నాయి, మెల్లగానే కూస్తాయంటావా?"

గుడ్లవ్వ కిసకిసా నవ్వింది. "పిచ్చిదానా! జానెడు కోడికి బారెడు కూత. పెద్ద పుంజు పొద్దున్నే కూసి ఊరుకుంటుంది. ఈ పొట్టి నాయాళ్ళు రోజంతా కూస్తారు."

అవ్వ గట్టు మీద కూచుని పాఠం మొదలుపెట్టింది. తల మీద జుట్టు ముందు ఎర్రబడేది పుంజు, పాలిపోయినట్టుండేది పెట్ట. పుంజు కాళ్ళు లావు, నిలబడటం నిటారు. వాటి మీదికి ఒక గుడ్డ విసిరి చూడు, మెడ సాచి నిలబడేది పుంజు, నేలకి కరుచుకునేది పెట్ట. అన్నిటికన్నా గట్టి గుర్తు నడుము మీది ఈకలు. కొన మొనదేలి సన్నగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట.

బడిలో కప్ప గుండె దాకా వచ్చేసరికి నా చదువు ఆపించేశారు, కోడి దాకా రానేలేదు. ఆ మిగిలిన చదువు ఆ డాబా మీద చదివాను. ఆయన తలుపు వేసుకోగానే కోడిపిల్లలని ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, నడుము మీద ఈకల్ని ఉఫ్‌మని ఊది కొనలు చూసేదాన్ని. జుట్టు రంగుని నిన్నటి రంగుతో పోల్చుకునేదాన్ని. మిరపకాయ నెత్తి రోజురోజుకీ ఎర్రబడింది. దాన్ని చూస్తే ఎరుపు లైటు వేసుకుని నా ఇంట్లోకి బండి వస్తున్నట్టుండేది. గుడ్డ విసిరితే మెడ సాచి నిలబడి, నన్నే 'ఏంటీ' అన్నట్టు చూసేది. గుండీ నేలకి కరుచుకునేది. అమ్మకోడి సరేసరి, గుడ్డ ఇంకా నా చేతిలో ఉండగానే గంప వెనక మాయం.

ఈకలు మాత్రం మూడింటికీ గుండ్రమే. "మిరపకాయకి రేపోమాపో మొన తేలుతుందిలే, ఆ నెత్తి చూడు," అంది గుడ్లవ్వ.

రేపోమాపో అని నేను ఆగలేను కదా. మిరపకాయని ఆవిడకే ఇచ్చేశాను. పాప మెట్ల మీద కూచుని ఏడ్చింది. దాని మొహం ఎర్రబడింది, భుజాలు ఎగిరిపడ్డాయి, చప్పుడు మాత్రం రాలేదు. ఏడుపు కూడా గుసగుసగానే ఏడ్చింది.

*

వానలు గట్టిపడ్డాయి. రేకుల మీద చినుకు పడిందంటే గదంతా డప్పు. మధ్యాహ్నం పూట ఆ మోత మొదలవగానే నాకు ఏడుపొచ్చేది. అలాంటి రోజుల్లో ఆయన సాయంత్రం లేచేసరికి చెంప మీద దిండు ముడతలు అచ్చు పడి ఉండేవి, పిలిస్తే రెండో పిలుపుకి గాని పలికేవాడు కాదు. పాపం, ఎంత అలసట ఉంటే ఇంత మోతలోనూ పడుకున్నాడో అనుకునేదాన్ని.

ఒక తెరిపి చూసి, అడిగి తెచ్చుకున్న గోతాలు రేకుల మీద పరిచాను. పైన పాత టార్పాలిన్ కప్పి ఇటుకలు పెట్టాను. పాప ఇటుక ముక్కలు అందించింది. ఆ తర్వాత ఎంత వాన వచ్చినా గదిలోకి ముసుగేసినట్టు మందంగా, దూరంగా వినిపించేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయినా ఆయన కళ్ళ కింద నలుపు తగ్గలేదు. మాటకి మాట ఆలస్యమయ్యేది. ఒకరోజు పొద్దున అన్నం తింటూ, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి గాల్లోనే ఉంది. ఆ కళ్ళలో ఎవరూ లేరు.

"ఏమండీ."

చేతిలోంచి మెతుకు జారి కంచంలో పడింది. అప్పుడు రెప్ప వేసి, ఏమీ జరగనట్టు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అది స్టీరింగ్ పట్టుకునే చెయ్యి. నాకు అన్నం ముందు కూచోవడమే భయమైపోయింది. చెయ్యగలిగింది అదే మళ్ళీ చేశాను. ఇంకా నిశ్శబ్దం. మజ్జిగ చిలకడం మానేశాను. పాప దగ్గు వస్తే ఎత్తుకుని కిందికి పరిగెత్తేదాన్ని. గాలికి బట్టలు టపటపమంటే తీగ మీద నుంచి తీసి ముద్దచేసి ఒళ్ళో పెట్టుకుని కూచునేదాన్ని.

గుండీ, అమ్మకోడి కూడా నోరు మెదపకుండా గింజలు ఏరుకునేవి. ఇల్లంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

*

వానలు వెనకబడుతున్న రోజుల్లో గుడ్లవ్వ మెట్ల కింద నిలబడి సైగ చేసింది. ఆవిడకి కూడా మా ఇంటి సంగతి అలవాటైపోయింది. గబగబా దిగాను. ఆవిడ కొంగు ముడి విప్పింది. అందులో నిమ్మకాయంత గుడ్డు, పాలరంగులో.

"నీ పుంజు గుడ్డు పెట్టిందే అమ్మాయ్!"

"ఏ పుంజు?"

"ఎన్నున్నాయే నాకు? నీ మిరపకాయ! నిన్నొకటి, ఇవాళొకటి. పెట్టి, వీధంతా వినేలా అరుపులు కూడాను." నోటి మీద కొంగు పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

నాకు నవ్వు రాలేదు. "అయితే నా దగ్గరున్నవి?"

ఆవిడ నవ్వు ఆపింది. "అదే చెబుదామని వచ్చా. సంతలో కోళ్ళాయన్ని అడిగాను. ఈ అంచు ఈకల జాతిలో పుంజు కూడా పెట్ట చీరే కట్టుకుంటుందట. మొన ఈక రానే రాదట. వీటిని ఈక చూసి పోల్చుకోవడం వాళ్ళ తాతల వల్ల కూడా కాదంట."

"కానీ ఇన్నాళ్ళూ కూయలేదు కదవ్వా. ఇంత పెద్దవయ్యాక ఇంకేం కూస్తాయి?"

"బెరుకువి ఉంటాయే కొన్ని. పెత్తనం చేసేది పక్కనుంటే నోరు విప్పవు. అది పోయాక..."

"పోయాక?"

"ఏముందీ, మెల్లగా గొంతు సవరించుకుంటాయి."

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. రెండూ గంప పక్కన ఇసుకలో పొర్లుతున్నాయి. వాటి వైపు చూస్తే అవీ నా వైపు చూశాయి. ఇన్ని నెలలు ఒళ్ళో పెట్టుకుని ఈకలు ఊదిన పిట్టలు, ఇప్పుడు నాకు ఒక్క ముక్కా తెలియని పిట్టలు.

ఆ రోజంతా చేతిలో గుడ్డసంచీ పట్టుకుని వాటి ఎదురుగా కూచున్నాను. మెడ కాస్త సాగితే చాలు లేచి నిలబడేదాన్ని. మర్నాడూ అంతే. మధ్యాహ్నం నీళ్ళు వదిలే వేళకి మాత్రం దిగక తప్పలేదు. పాపని వాటి దగ్గర కూచోబెట్టి, బకెట్ తీసుకుని వెళ్ళాను. నిండిన బకెట్‌తో సగం మెట్లు ఎక్కానో లేదో, పైనుంచి ఒక చప్పుడు. తుప్పు పట్టిన గడియ లాగినట్టు. మళ్ళీ ఇంకోసారి, ఈసారి కాస్త పొడుగ్గా. మూడోసారి అది పూర్తి కూత. సన్నగా, సూదిలా, ఆకాశం దాకా.

నా చేతిలో బకెట్ జారిపోయింది. మెట్టు మెట్టుకీ కొట్టుకుంటూ, దొర్లుకుంటూ కింద గేటుకి తగిలి ఆగింది. ఆ వానాకాలంలో మా ఇంట్లో అంత చప్పుడు చేసింది నేనే.

పైకి పరిగెత్తాను. పిట్టగోడ మీద నిలబడి ఉంది అమ్మకోడి. మెడ సాచి, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా గొంతు చేసుకుని. రెండు చేతులతో పట్టి గుండెకి అదుముకుని, ముక్కు గుప్పిట్లో మూసేశాను. దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. నాది దానికన్నా వేగంగా.

"వదిలెయ్. ఊపిరాడదు దానికి."

గది గుమ్మంలో మా ఆయన.

"లేపేసింది కదండీ," అన్నాను. "ఇచ్చేస్తాను. ఇప్పుడే తీసుకెళ్ళి ఇచ్చేస్తాను. మీరు పడుకోండి."

"ఇవాళ కొత్తగా లేపిందేముంది? కొన్నాళ్ళుగా సాధన చేస్తోంది. నువ్వు నీళ్ళకి దిగగానే మొదలుపెడుతుంది. మొదటిరోజు ఏదో పిల్లి తుమ్మిందనుకున్నా."

నవ్వొచ్చింది నాకు. వచ్చింది సగంలో ఆగిపోయింది.

"కొన్నాళ్ళుగానా?"

"నీ అడుగు వినబడగానే ఆపేస్తుంది. భయస్తురాలు." పాప వైపు చూశాడు. "కాదూ, భయస్తుడు. ఆ మిరపకాయని ఇచ్చేసిన రోజు, మెట్ల మీద పాప ఏడవడం కూడా విన్నాను. చప్పుడు లేకుండా ఏడిస్తే ఇంకా ఎక్కువ వినబడుతుందే."

మధ్యాహ్నం నీళ్ళ వేళ. ఆయన గాఢనిద్రలో ఉంటాడని నేను లెక్కేసుకున్న వేళ. మిరపకాయని ఇచ్చిందీ మధ్యాహ్నమే. పక్కనున్న గంప మీద కూలబడ్డాను. అమ్మకోడి ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"మీరు నిద్రపోవడం లేదా?"

ఆయన పైకి, రేకుల వైపు చూశాడు. "వాన పడితే పట్టేది. ఆ గోతాలు వేశాక అదీ పోయింది."

"చెప్పొచ్చు కదండీ!"

"నా కోసం నువ్వింత పడుతుంటే ఏమని చెప్పను? కళ్ళు మూస్తే బండి ఇంకా కదులుతున్నట్టే ఉంటుంది. ఏదో ఒక చప్పుడుంటే ఇదిగో, ఇల్లు చేరాను అని తెలుస్తుంది. ఇలా ఉంటే ఎవరో పోయిన ఇంట్లో పడుకున్నట్టుంటుంది. ఒక్కోసారి పోయింది నేనేనేమో అనిపిస్తుంది."

ఆ వానాకాలం ఆయన నడిపిన రోడ్లన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు పరుచుకున్నాయి. తడిసి మెరిసే రోడ్లు, మలుపులు, కాలవలు. తలుపు అవతల కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి, తలుపు ఇవతల నేను కాపలా కాశాను. సాయంత్రం కాగానే బండి ఎక్కించి పంపించాను.

"దీపాల వేళ అవుతుందిలే," అని ఆయన లోపలికి తిరిగాడు. "కాసేపు నడుం వాలుస్తా."

"ఇవాళ బండెక్కొద్దు!"

ఆ గొంతు ఎవరిదో నాకే అర్థం కాలేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. నా చేతుల పట్టు ఎప్పుడు వదిలిందో, కోడి కిందికి దూకి ఒళ్ళు దులుపుకుంది.

పాప నా వైపొకసారి, దాని వైపొకసారి చూసింది. "అమ్మ కూసింది," అంది గుసగుసగా.

*

ఆయన కింది కొట్లోంచి ఫోన్ చేసి, ఇవాళ రాలేనని చెప్పి వచ్చాడు.

గోతాలు లాగి కింద పడేశాను. ఉప్పు డబ్బా వెనక నుంచి విజిల్ తీసి, తుడిచి, కుక్కర్‌కి పెట్టాను. అది మొదటి కూత వేసినప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను. కుళాయి పీలిక విప్పాను. గిన్నెలు తోమడానికి కూచుంటే చేతులు మాట వినలేదు, పాత అలవాటుకి మెల్లగానే పెట్టాయి. ఒక గిన్నె తీసి కావాలని వదిలేశాను.

అప్పుడు వెళ్ళి గుమ్మంలో కూచున్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రో, కాదో. కోడి నెత్తి చూడటం నేర్చుకున్నాను, కాళ్ళు చూడటం నేర్చుకున్నాను. మనిషి నిద్రకి గుర్తులు ఎవరు చెబుతారు?

చినుకులు మొదలయ్యాయి. ఉత్త రేకుల మీద ముందు ఒకటీ అరా, తర్వాత డప్పు. చాలాసేపటికి ఆయన ఈ వైపుకి దొర్లాడు. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి మంచం పట్టీ మీద నుంచి జారి, కిందికి వేలాడింది.

పాప వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. చెవిలో అడిగింది, "నాన్న నిజంగానా, ఉత్తుత్తినా?"

"గట్టిగా పిలిచి చూడు."

అది నా మొహంలోకి నమ్మకం లేనట్టు చూసింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. పగిలిన గొంతు, తుప్పు పట్టిన గడియ లాగినట్టు. దీని గొంతు నేనే తినేశానా?

మూడోసారి, "నాన్నా!" అంది. డాబా అంతా మోగింది.

వేలాడుతున్న ఆ చెయ్యి కదలలేదు. వేలు కూడా కదలలేదు. అలా కదలకపోవడం చూసి నాకు ఇంకో భయం పట్టుకుంది. వంగి ఆయన గుండెల మీది దుప్పటి వైపే చూశాను. ఎంతసేపటికీ అది అలాగే ఉన్నట్టుంది. తర్వాత లేచింది. పడింది. మళ్ళీ లేచేదాకా చూస్తూ కూచున్నాను.

వెనక, వానలో తడుస్తూ, అమ్మకోడి కూస్తూనే ఉంది.